కవిత చీటీలో నా పేరు

ఆదివారం, రాత్రి

మా ఫైటింగ్ జిమ్ములో నెలకోసారి మాస్టరు చీటీలిస్తాడు. మన బరువులో ఎవురిది పైచేయో వరసగా రాయాల, సొంత పేరు మాత్రం రాయకూడదు. యాభై రెండు కిలోల్లో ఆడోళ్లం నలుగురం. నేను కండ్లు మూసుకుని కవితను మొదట రాసినా. నన్ను ప్రతిసారీ ఓడించేది అదే కదా. దానికి భయపడే నలభై ఎనిమిదికి దిగిపోదామని మూడు వారాలుగా రాత్రి తిండి మానేసినా. ఎవురికీ చెప్పలేదు.

మాస్టరు చీటీలు పైకి చదివినాడు. మిగతా ఇద్దరూ నన్ను అడుగున పెట్టినారు. కవిత చీటీలో మాత్రం మొదటి పేరు నాదే! బయట చెప్పులేసుకుంటా అడిగినా, "ఏందే ఇది, ఎగతాళా?"

"లేదక్కా. వాళ్లను కింద పడేస్తే పడుంటారు. నువ్వు లేస్తానే ఉంటావు. నిన్ను అణిచిపెట్టేలోపల నాకు ఊపిరాడదు."

విల్లియనూరు బస్సులో దారంతా మనసులో అదే మాట. రేపు ప్రాక్టీసులో మళ్లీ దాని చేతిలో ఓడిపోతానేమో. పోయినసారి అది పడేసినప్పుడు తగిలిన మోకాలు ఇంకా సలుపుతానే ఉంది... అయినా దిగను, యాభై రెండులోనే ఉంటా.

ఇంటికొచ్చి, "అమ్మా, దోసెలు పొయ్యి" అన్నా. అమ్మ పెనం పెట్టింది. రెండు తిన్నాక, మూడోది నేను అడక్కుండానే వేసింది.