నాన్న తుండుగుడ్డ

అన్నయ్యా, నేను కులాసా. కాలి వాపు తగ్గింది, అమ్మను బెంగపడొద్దను.

నేను ఊడ్చే నాట్యసభలో నిన్న వైదేహమ్మ ఆడింది. గుడిలోకి రానివ్వని పాలేరు భక్తుడి కథ. పోయిన నెల ఆవిడ, "అంజలై, మీ నాన్న దొరల వీధిలో ఎలా నడుస్తాడే?" అని అడిగితే చూపించాను. భుజం మీది తుండుగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, నడుం వంచి. సిగ్గుతో చచ్చాను. నువ్వుంటే నా చెంప పగలగొట్టేవాడివి.

నిన్న ఆవిడ ఒక్కతే. తలుపు మూసిన పూజారీ ఆవిడే, బయట నిలబడ్డ భక్తుడూ ఆవిడే. లేని తుండుగుడ్డ తీసి చంకలో పెట్టుకుంది. అన్నయ్యా, ఆ పట్టుచీరలో నాకు నాన్నే కనిపించాడు! చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

అయ్యాక ఒక పెద్దాయన, "ఆ నడక ఏ గురువు దగ్గర నేర్చుకున్నావమ్మా?" అన్నాడు.

"మన్నార్‌గుడి పేచిముత్తు గారి నడకండీ అది. వాళ్లమ్మాయే నేర్పింది" అని నన్ను చూపించింది. నాన్న పేరు పక్కన 'గారు' వినడం నాకిదే మొదలు.

చింతపండు అయిపోయింది, పంపు. ఆవు ఈనిందా? వదినకూ పిల్లలకూ నా ముద్దులు. వచ్చే పున్నమికి ఆవిడ మళ్లీ ఆడుతుంది, నాన్నను తీసుకురా. తుండుగుడ్డ భుజం మీదే ఉంచుకుని రమ్మను.

నీ చెల్లెలు
అంజలై