అందరితోపాటు "ఎస్ సర్"

మంగళవారం రాత్రి, అల్ఫారెట్టా, అమెరికా

ఎవరైనా కూర్చోబెట్టి చెబితే తప్ప నాకేదీ రాదా? ఇంజినీరింగ్ రోజుల నుంచీ ఈ ప్రశ్న నాతోనే ఉంది.

ఆఫీసులో హెల్ప్‌డెస్క్ నుంచి నెట్‌వర్క్ టీమ్‌కి మారాలంటే సర్టిఫికేషన్ కావాలి. వేసవిలోగా తెచ్చుకోకపోతే ఆ ఖాళీ ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఫీజు కట్టి కోచింగ్‌లో చేరడమా, సొంతంగా చదువుకోవడమా అన్నది తేలక, ఇవాళ ఒక హైదరాబాద్ ట్రైనర్ ఆన్‌లైన్ డెమో క్లాసు విన్నాను. ఒక నెట్‌వర్క్‌ని చిన్నచిన్న భాగాలుగా ఎలా విడగొట్టాలో చకచకా చెప్పి, "క్లియరేనా అండీ అందరికీ?" అన్నారాయన. చాట్‌లో వరసగా "ఎస్ సర్"లు పడ్డాయి. నేనూ కొట్టాను. నిజానికి నాకు ఒక్క ముక్క ఎక్కలేదు.

పక్కనే ఉన్న మా ఆయన చూశాడు. "ఏమీ అర్థం కావట్లేదని ఇప్పుడే కదా అన్నావ్! మళ్లీ ఎస్ సర్ ఏంటి?"

"అందరూ కొడుతుంటే నేనొక్కదాన్నే నో అంటే ఏం బాగుంటుంది?"

"దానికి ఫీజెందుకే? రోజూ నాకు చెప్పు, ఎస్ సర్ అని."

నవ్వేశాను. తర్వాత అదే పాఠం పుస్తకంలో ఒక్కదాన్నే చదివాను. అక్కడ అబద్ధం చెప్పడానికి ఎవరూ లేరు కాబట్టి, అర్థం కాలేదని వెంటనే తెలిసిపోయింది. తెలియగానే పుస్తకం మూసి, వెళ్లి డ్రైయర్‌లో బట్టలు తీసి మడతపెట్టాను. క్లాసులోనైతే గంటసేపైనా కదలకుండా కూర్చున్నాను.

కూర్చోగలిగిన చోట అబద్ధమాడుతున్నాను, అబద్ధమాడలేని చోట కూర్చోలేకపోతున్నాను. చేరేదీ లేనిదీ రేపటికల్లా చెప్పమన్నారు ట్రైనర్. ఏం చెప్పాలో నాకింకా తేలలేదు.