మూడో ఎపిసోడ్‌లో నా షిఫ్ట్

హెర్న్‌డన్

చిట్టితల్లి ఫెబీకి,

ప్రభువు నామంలో అమ్మ దీవెనలు. ఆయన కృప వల్ల నేనూ మీ డాడీ ఇక్కడ క్షేమం. నువ్వు తీసిన టీవీ సీరియల్ మూడు ఎపిసోడ్లు చూశాక కూడా క్షేమంగానే ఉన్నాం.

ఎలా ఉందో చెప్పలేదేమని కార్డులో అడిగావు. ఫోన్‌లో చెబితే నవ్వేసి మాట మార్చేస్తావని రాస్తున్నాను. సండే స్కూల్లో నువ్వు ఏడుస్తున్నా వినకుండా తెలుగు బైబిల్ చదివించింది ఇన్నాళ్లకు పనికొచ్చింది. కూడబలుక్కుని చదువుకో.

చెత్తగా ఉందమ్మా. డైనర్‌లో టిఫిన్లు వడ్డించడానికి పొద్దున ఆరింటి షిఫ్ట్‌కి ఎవరైనా హీల్స్ వేసుకుని వస్తారా? నా వేషం వేసిన ఆ పిల్ల కాఫీ జగ్గు పట్టుకుని ఎపిసోడంతా తిరుగుతుంది, ఒక్క కప్పులో పోయదు. ఎవరి కాళ్లూ వాయవు. ఎవరూ కెచప్ సీసాలు తుడవరు, ఫోర్కులు నాప్‌కిన్లలో చుట్టరు. మాటకు ముందొక 'అయ్యో', వెనకొక 'అయ్యో'. నేను ఏడేళ్ల ఉద్యోగంలో అన్ని అనలేదు. నాతో పనిచేసిన రాధారాణి ఆంటీ వేషం వేసినామె బొట్టు అప్పడమంత ఉంది. ఎవరో గిలిగింతలు పెడుతున్నట్టు ప్రతి ముక్కకీ వెనక నుంచి జనం నవ్వులు. మీ డాడీ కూడా నవ్వారు. ఆయన్ని లెక్కలో వేసుకోకు, ఆయన వాతావరణ వార్తలకు కూడా నవ్వుతారు. చర్చిలో ప్రిస్సిల్లా ఆంటీ మాత్రం మీ అమ్మాయి మిమ్మల్ని అచ్చు దింపేసిందండీ అంది. ఆమెకు కూరలో ఉప్పు ఎక్కువైనా తెలియదు, ఇదేం తెలుస్తుంది?

పైగా ఉప్పూ నిప్పూలా ఉన్న ఇద్దరు ఆడవాళ్లు ఇరవై నిమిషాల్లో ప్రాణస్నేహితులైపోతారు. మాకు రెండేళ్లు పట్టింది. ఆమె వరంగల్ మాట నాకు మోటుగా ఉండేది. నేను కూనిరాగం తీస్తే ఆమె తల పట్టుకునేది. చివరికి కుదిరిందంటే ఆమె మంచితనం వల్లే. నేను చర్చికి వెళ్లేందుకు నా ఆదివారం షిఫ్ట్ ఆమె చేసేది. ఐదేళ్లు చేసింది.

లాస్ ఏంజెలెస్‌లో చివరి ఎపిసోడ్ స్క్రీనింగ్‌కి డాడీ వస్తారా అన్నావు. వస్తారు. ఇప్పటి నుంచే సూటు వేసుకుని అద్దం ముందు నిలబడుతున్నారు.

ఇక రాధారాణి ఆంటీ నంబర్. ఆమెనూ స్క్రీనింగ్‌కి పిలుస్తానని మూడుసార్లు అడిగావు, మూడుసార్లూ దాటేశాను. మూడో ఎపిసోడ్‌లో సద్దుల బతుకమ్మ సాయంత్రం ఆమె షిఫ్ట్ నేను చేస్తాను కదా, ఆమె పూలతో వచ్చి నన్ను కావలించుకుంటుంది కదా. నీకు పదేళ్లప్పుడు నేను చెప్పిన కథే అది. అబద్ధం చెప్పాను ఫెబీ.

ఆమె అడిగింది నిజం. అన్నేళ్లలో అడిగింది ఆ ఒక్క సాయంత్రమే. కూతురు స్మృతికి పట్టు పావడా కుట్టించింది, కమ్యూనిటీ హాల్లో పిల్లతో కలిసి ఆడాలనుకుంది. విగ్రహారాధనకు సాయపడినట్టవుతుంది, నా విశ్వాసం ఒప్పుకోదు అన్నాను. పాస్టర్‌గారిని అడగనైనా లేదు. నా ఆదివారాలన్నీ చేసినప్పుడు ఆమె ఏ విశ్వాసం అడ్డం పెట్టుకుందో ఆలోచించలేదు. ఆ సాయంత్రం ఆమే ఏప్రన్ కట్టుకుంది. నేను ఇంట్లో బట్టలు మడతపెట్టుకున్నాను. ఆ ఆదివారం కూడా నా షిఫ్ట్‌కి ఆమే వచ్చింది, నేను సిగ్గులేకుండా క్వయర్‌లో పాడాను. డిసెంబర్‌లో వాళ్లు జెర్సీ సిటీ వెళ్లిపోయారు. ఆంటీ ఎందుకు రావట్లేదని నువ్వు అడుగుతుంటే నన్ను మంచిదాన్ని చేసుకుని ఒక కథ అల్లాను. నీ సీరియల్‌లో నాకు రోత పుట్టించింది ఆ హీల్స్ కాదు.

నంబర్ ఇచ్చేముందు నేనే మాట్లాడాలని మొన్న శనివారం ఫోన్ చేశాను. పద్దెనిమిదేళ్లయింది. నా గొంతు వెంటనే గుర్తుపట్టింది. స్మృతి పెట్టి చూపించిందట, మూడు ఎపిసోడ్లూ చూసిందట. నేను క్షమాపణ మొదలుపెట్టేలోపే అంది:

"చూసిన విమలా. టీవీలనన్నా నా షిఫ్ట్‌కు వచ్చినవ్."

ఫోన్ పెట్టేయలేదు. నేను ఏడ్చినంతసేపూ పట్టుకునే ఉంది.

నంబర్ ఈ కాగితం వెనక రాశాను. నువ్వే పిలువు. వస్తుందో రాదో నాకు తెలియదు. వచ్చినా రాకపోయినా, అక్కడ బొమ్మ వేసేముందు ఆ సాయంత్రం షిఫ్ట్ చేసింది ఎవరో అందరి ముందూ చెబుతాను. మైకు నాకివ్వు.

ఇట్లు,
నీ అమ్మ
విమలకుమారి