రెండు నీలిపోగుల తువ్వాల

భీవండి

అన్న మల్లేశంకు తమ్ముడు నర్సయ్య శనార్తులు. వదినె, పిల్లలు మంచిగున్నరా? నీ కుడిచెయ్యి ఇప్పుడు భుజం దాకా లేస్తుందా? మగ్గం మీద కూర్చుంటున్నవా? నేను మంచిగున్న, నా గురించి రంది పెట్టుకోకుండ్రి.

ఇక్కడ వాన పట్టుకుంటే వారం దాకా విడువదు. ఆరేసిన అంగీ ఆరదు. కరెంటుతో నడిచే సాంచాల మోతకు పక్కమగ్గం మీదోని మాట వినపడదు. అన్నం దొరుకుతుంది గాని మన తొక్కు లేక నోరు సప్పగైంది. ఎవరన్నా ఇటు వస్తే వదినెను ఇంత మామిడికాయ తొక్కు పంపమను.

మనసు ఆగమైతుంటే కోరుట్ల మేస్త్రి ఒకాయన పొద్దున్నే యోగాకు రమ్మన్నడు. సాంచాలు బాగుచేసే ముసలాయన. ఒంటికాలి మీద నిలబడమంటే పది లెక్కపెట్టేలోపే తూలిపోతున్న. అందరూ నవ్విండ్రు, నేనూ నవ్విన. మేస్త్రి నవ్వలేదు.

"కాళ్లల్ల బలమున్నది గని, నీ మనసే ఒక దిక్కు ఒరుగుతున్నదిరా. యోగమంటే కాళ్లు చేతులు వంచుడు గాదు. ముందుగాల ఎవలికి కీడు చెయ్యకుండుడు, దాని ఎన్క నిజం చెప్పుడు. గీ రెండు సక్కగుంటెనే మిగిలినయి" అన్నడు.

ఆ మాట విన్నప్పటి నుంచి సిగ్గుతో చస్తున్న అన్నా. నీకు చెప్పకుండా దాచింది ఒకటున్నది.

గంభీరావుపేటల తువ్వాలలు అమ్మి వస్తున్న రోజు పోలీసులు బస్సు ఆపిండ్రు. నేను నేతపనోణ్నని తెలిసి ఒక తువ్వాల చేతికిచ్చిండ్రు. "గిది ఎవలు నేసిండ్రో ఎరుకైతదారా?" అన్నడు జమేదారు. కొసకు రెండు నీలిపోగులు. ఆ అంచు మన సిరిసిల్లల నువ్వొక్కనివే వేస్తవు. "ఎరుకగాకేంది సార్, మా అన్న చేతిపని!" అన్న. గర్వంగా అన్న. అది నక్సలైట్ల దళం వాళ్లు విడిచిపోయిన మూటల దొరికిందని తర్వాత తెలిసింది. నువ్వు అంగట్ల ఎందరికో అమ్మినవు, ఎవరు కొన్నరో నీకేం తెలుసు? పోలీసులకు అది పట్టలేదు, నిన్ను ఠాణాకు గుంజుకపోయి కొట్టిండ్రు. నీ చెయ్యి అట్లయింది నా నోటి వల్లనే.

అదే రోజు పక్కింటి రాజేశమన్నను కూడా ఠాణాకు పిలిచిండ్రు కాబట్టి, ఆయనే నీ పేరు చెప్పిండనుకున్నవు. "గా రాజేశంగాడే జెప్పిండురా" అని నువ్వు మంచంల ఏడుస్తుంటే, నీ కాళ్ల దగ్గర కూర్చొని తలూపిన. నెల తిరగకముందే పని పేరు చెప్పి ఇక్కడికి పారిపోయి వచ్చిన.

నిన్న మేస్త్రికి అంతా చెప్పుకున్న. "ఎరుకలేక నిజం జెప్పినవ్, అది పొరపాటు. ఎరుకయినంక నోరు మూసుకున్నవ్, గది తప్పు. గంత బరువు ఒక్క దిక్కే పెట్టుకొని ఎట్ల నిలవడుతవ్‌రా?" అన్నడు.

నీ చేతికి రాసుకొమ్మని రాజేశమన్న నూనె పంపితే తిప్పి పంపినవని మొన్నటి ఉత్తరంల రాసినవు. అది చదివినంకనే ఈ కాగితం రాయ కూసున్న.

నన్ను తిట్టు, ఇంటికి రావద్దను, ఒప్పుకుంట. పెద్దలందరికీ దండాలు చెప్పు. దీవెన అడిగే మొఖం లేదు. ఒక్కటే అడుగుత. ఈ కాగితం పట్టుకొని నువ్వే రాజేశమన్న ఇంటికి పో, ఆయన చేతిల పెట్టు.

ఇట్లు,
తలూపిన నీ తమ్ముడు
నర్సయ్య

రాజేశమన్నా, ఇక్కడిదాకా చదివినవంటే నీకూ శనార్తులు. ఆ నూనె ఇంకా ఉంటే, మా అన్న చేతికి నువ్వే రాయి.