నీ పార్టీ పేపరు

మామా,

ముఖ్య ప్రకటన: మన ప్రొద్దుటూరులో టీ గ్లాసు ఇంకా చిన్నదైంది. ఊరంతా మౌనం పాటించింది.

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ పార్టీ పేపరు మీ ఇంటికి ఇంకా వస్తోంది. రోజూ పొద్దున్నే మీ అరుగు మీద కూర్చుని అత్తకు చదివి వినిపిస్తున్నాను. మధ్యలో మీ నాయకుణ్ణి తిట్టినా, నా మీదికి చెప్పు తీసేవాళ్లు లేరు.

ఇవాళ మా పార్టీవాడొకడు బండి ఆపాడు.

"ఏందప్పా, మీ మామ పార్టీలోకి దూకినావా?"

"లేదబ్బా, ఈళ్ల అబద్ధాలు ఏరతాండా."

"దానికి అంత గట్టిగా సదవాల్నా?"

"మా మామకు శానా చెవుడు గదా."

వాడు నవ్వకుండా వెళ్లిపోయాడు.

ఊరి మౌనం నా కల్పన. అత్తకు చదవడమూ కల్పనే. ఆమె జమ్మలమడుగులో కూతురి దగ్గరుంది, మీ ఇంటికి తాళం. పేపరు నేనే వేయించుకుంటున్నాను. నీ చెవుడు మాత్రం నిజం. అందుకే గట్టిగా చదువుతున్నాను.