ఒకటో నంబరు బిళ్ల

ఫిబ్రవరి 4

ఈయన పడిపోయి ఇవాళ్టికి నలభై ఒక్క రోజులు. కుడి చెయ్యి లేవదు. మాట రాదు. బీపీ ఉదయం 140/90, సాయంత్రం 136/88. మాత్రలు ఇంకా తొమ్మిది రోజులకు ఉన్నాయి.

ఈయన పాఠాలు చెప్పే హైస్కూలు నుంచి హెడ్ మేడమ్ ఫోన్ చేశారు. వర్క్‌షాప్ ఎత్తేసి ఆ గదిలో కంప్యూటర్లు పెడతారట. ఇరవై మూడేళ్లుగా స్టాకు రిజిస్టరు ఈయన పేరు మీదే ఉంది. సంతకం పెట్టే చెయ్యి ఇలా అయింది గనక ఇంట్లోవాళ్లు వచ్చి పనిముట్లు లెక్క చూసి అప్పగించాలట. మొత్తం 412. లెక్క సరిపోయి సంతకం పడిన రోజే గదికి తాళం.

పిల్లల సంగతేమిటని అడిగాను. ఉన్నది పన్నెండు మందే కదండీ, వేరే సబ్జెక్టులో సర్దేస్తాం అన్నారు.

సరే అన్నాను. ఈమధ్య అందరితోనూ అదే అంటున్నాను.

ఫిబ్రవరి 6, మధ్యాహ్నం 3.00

పక్కింటి పిన్నిగారిని ఈయన దగ్గర కూర్చోబెట్టి వెళ్లాను. ఇన్నేళ్లలో ఆ గది లోపలికి వెళ్లడం ఇదే మొదలు. వాసన మాత్రం తెలిసినదే. ఈయన చొక్కాల్లోంచి ఇన్నాళ్లూ నేను ఉతికినది ఆ వాసననే. నూనె, కాలిన ఇనుము.

ఇనుప కడ్డీని గిర్రున తిప్పుతూ చెక్కే లేత్ మిషన్లు నాలుగు. గోడకు పెద్ద చెక్క, దాని నిండా మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో పనిముట్టు. ప్రతి పిల్లకీ పిల్లాడికీ నంబరున్న ఇత్తడి బిళ్ల ఉంటుంది. పనిముట్టు తీసుకుంటే ఆ మేకుకు బిళ్ల తగిలించాలి. తిరిగి పెట్టి బిళ్ల తీసుకోవాలి. పక్కన ఈయన చేతిరాతతో నిబంధనల అట్ట. నాలుగోది: మేకుకు బిళ్ల ఉండగా స్టోరు మూయరాదు, ఎవరూ ఇంటికి వెళ్లరాదు.

ఈ నాలుగో నిబంధన నాకు తెలుసు. మా పెళ్లిరోజున ఒకసారి రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చారు. ఏమైందంటే లేత్‌లో ముక్క బిగించే చక్ తాళంచెవి కనబడలేదన్నారు. అది చివరికి ఒకడి టిఫిన్ డబ్బాలో దొరికిందట. వాడూ ఆకలి మీద ఉన్నాడు, వెతుకుతూ డబ్బా తెరవడం మరిచిపోయాడట.

స్టోరు చూసేది ఒక పెద్దాయన. ఒకప్పుడు ఫ్యాక్టరీలో లేత్ నడిపిన టర్నరు. అందరూ తాత అంటారు. మిషన్ తిరుగుతున్నంతసేపూ పిల్లల చేతుల మీద నుంచి కళ్లు తీయడు. నేను కాపలా కుక్కనే గాని పంతుల్ని కాదమ్మగారూ, ముక్క బాగుందో లేదో చెప్పాల్సింది సారే అన్నాడు.

పరీక్ష ఈ నెల 26న. లేత్ మీద మూడు మెట్లున్న ఇనుప షాఫ్ట్ చెక్కి చూపించాలి. మిల్లీమీటరులో వందో వంతులు రెండు దాటి తేడా రాకూడదు. పాసైన వాళ్లను ఊరి చివరి ఫ్యాక్టరీ అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంది. ఆలోపు గది మూస్తే రెండేళ్ల చదువు నీళ్లపాలు. ఇదంతా నాకు చెప్పింది ఏడో నంబరు పిల్ల. ఆ పిల్లను అందరూ మైక్ అంటారు. ఎందుకో రెండు నిమిషాల్లో తెలిసింది. సార్ మాట్లాడుతున్నారా ఆంటీ అని అడిగింది. లేదన్నాను.

ఫిబ్రవరి 7

మొదటి వరుస: 64కి 64.

ఫిబ్రవరి 9

రిజిస్టరు మొదటి పేజీ నుంచి చదివాను. అచ్చు వేసిన సూచనలు కూడా. లోటు తేలితే వెతకడానికి పదిహేను రోజుల గడువు ఇవ్వాలట. ఈయన హయాంలో లోటు రాసే గడి ఎప్పుడూ నిండలేదు.

బయల్దేరుతుంటే మైక్ ఒక గుడ్డమూట చేతిలో పెట్టింది. లోపల తను చెక్కిన షాఫ్ట్. సార్ మైక్రోమీటర్ పెట్టి మందం కొలవకముందే కళ్లు మూసుకుని బొటనవేలితో చూసేవారు ఆంటీ, ఒక్కసారి చూపించండి అంది. కుడి చెయ్యి పనిచేయదమ్మా అన్నాను. ఎడమ చేతికీ బొటనవేలు ఉంటుంది కదా అంది.

ఇంటికొచ్చి ఎడమ చేతిలో పెట్టాను. చాలాసేపు అలాగే పట్టుకున్నారు. తర్వాత వేలు కదిలింది. రెండో మెట్టు మీద ఒక చోట ఆగింది. మళ్లీ వచ్చి మళ్లీ అక్కడే ఆగింది. ముక్కను నా చేతిలో పెట్టేశారు. వేలు ఆగిన చోట పెన్నుతో గీత పెట్టాను.

సాయంత్రం ఈయన రెండు చపాతీలు తిన్నారు. రోజూ ఒకటే తినేవారు.

ఫిబ్రవరి 10

గీత పెట్టిన చోట కొలిస్తే వందో వంతులు మూడు ఎక్కువ ఉందట. మైక్ నోట మాట రాలేదు. కరెంటు పోయిందమ్మగారూ అన్నాడు తాత.

మూడో వరుస: 71కి 71.

ఫిబ్రవరి 11

ఆడపడుచు ఫోన్. అన్నయ్యను మంచానికి వదిలేసి ఇనుప ముక్కలు లెక్కపెట్టుకుంటున్నావట కదా వదినా అంది. నీకు ముందునుంచీ లెక్కలే లోకం, మా అన్నయ్యకు ఇంత కష్టమొచ్చినా కంట తడి చూడలేదు అంది. అవునన్నాను. నాకూ కనబడలేదు. ఎక్కడ పెట్టానో తెలియడం లేదు.

మందులు తెచ్చాను. ఇరవై రోజులకు.

ఫిబ్రవరి 12

298 అయ్యాయి. హెడ్ మేడమ్ వచ్చి చూసి, మీలాంటి మనిషి దొరకడం మా అదృష్టం, ఇంత త్వరగా అవుతుందనుకోలేదు అన్నారు. తాళం వేసే మనిషిని ఎల్లుండికి పిలిచారట. పిల్లలు సోమవారంలోగా వేరే సబ్జెక్టు రాసివ్వాలట.

పిల్లలు మిషన్లు ఆపి నా వైపు చూశారు. నేను రిజిస్టరు వైపు చూశాను.

నెమ్మదిగా లెక్కపెట్టొచ్చు కదా అమ్మగారూ అన్నాడు తాత, గుమ్మం దగ్గర. నెమ్మదిగా లెక్కపెట్టినా అంతే వస్తాయి కదా అన్నాను. మీరూ సారూ ఒక్క అచ్చులో పోసిన ముక్కలు అన్నాడు. పొగిడాడో తిట్టాడో తెలియలేదు.

తప్పు లెక్క రాయడం నాకు రాదు. ఇంటికొచ్చి పాత కాగితం మీద ప్రయత్నించాను. 412కి 409 అని రాశాను. చెయ్యి వెంటనే కొట్టేసింది.

ఫిబ్రవరి 13, ఉదయం 6.30

ఆసుపత్రిలో ఈయన వస్తువులు ఇచ్చినప్పుడు రాసుకున్న జాబితా చూశాను. వాచీ 1, కళ్లజోడు 1, పెన్నులు 2, రుమాలు 1, ఇత్తడి బిళ్ల 1. బిళ్ల మీద నంబరు 1. సొరుగులో వాచీ కిందే ఉంది.

ఫిబ్రవరి 13, సాయంత్రం

చివరి వరుస చివరి మేకుకు ఉన్నది పెద్ద మైక్రోమీటర్. ఈయన బడిలో ఉండగా ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదట, ఇప్పుడు పిల్లలు దాంతోనే సరిచూసుకుంటున్నారు. దాన్ని తీసి చేతిసంచిలో పెట్టుకున్నాను. మేకుకు ఒకటో నంబరు బిళ్ల తగిలించాను. రిజిస్టరులో రాశాను: 412కి 411. మైక్రోమీటర్ ఒకటి, ఒకటో నంబరు బిళ్ల మీద బయట ఉంది.

తాత చూశాడు. దగ్గాడు. అటు తిరిగి చీపురు వెతుక్కున్నాడు.

హెడ్ మేడమ్ అదెక్కడుందండీ అన్నారు. ఒకటో నంబరు సారుదండీ, ఆయన్నే అడగాలి అన్నాను. ఆయన ఎలా చెప్తారండీ అన్నారు. అదే కదండీ అన్నాను. నాలుగో నిబంధన చూపించాను. కింద పాత హెడ్ మాస్టరు సంతకం ఉంది. తర్వాత అచ్చు పేజీ చూపించాను. పదిహేను రోజులు. ఇరవై ఎనిమిదో తేదీ.

నేను ఒక్క అబద్ధమూ చెప్పలేదు. బీపీ ఇవాళ చూడడం మరిచిపోయాను. ఈయనది.

ఫిబ్రవరి 16

మైక్ ఏకరువు పెట్టింది. మిగిలిన మైక్రోమీటర్లలో ఒకటి వందో వంతు ఎక్కువ చూపిస్తుందట, కొలిచిన ప్రతిసారీ తీసేసుకోవాలట. పెద్దది ఎవరు పట్టుకెళ్లారో వాళ్ల చేతులు పడిపోను అంది. తాత దాని నెత్తిన ఒక్క మొట్టికాయ వేశాడు. అదెందుకో పిల్లకు అర్థం కాలేదు.

ఫిబ్రవరి 18, ఉదయం 11.00

హెడ్ మేడమ్ చెప్పకుండా ఇంటికొచ్చారు. సారును చూసిపోదామని అన్నారు.

ఈయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. ఒళ్లో కుడి చెయ్యి, ఆ చేతి వేళ్ల మధ్య మైక్రోమీటర్. నేను పొద్దున అలాగే పెడతాను. ఎడమ చేత్తో దాని పిడి తిప్పుతుంటారు. చివరికి వచ్చేసరికి టిక్ టిక్ టిక్ అంటుంది. దాచడానికి టైము లేదు. దాచాలని కూడా అనిపించలేదు.

మేడమ్ టీ తాగుతూ చాలాసేపు దాన్నే చూశారు. నేను లేచి స్టవ్ కట్టేశాను. అది కట్టేసే ఉంది.

వేళ్లకు కసరత్తా అండీ అని అడిగారు. రోజూ తిప్పుతారండీ అన్నాను. కప్పు కింద పెట్టి, మంచిదే, పదిహేను రోజులైనా ఆపకుండా చేయించండి అన్నారు. చెప్పులేసుకుంటూ, అయిదు రోజులు అయిపోయినట్టున్నాయి కదా అన్నారు. అయ్యాయన్నాను.

ఫిబ్రవరి 19 నుంచి 25 వరకు

వేరుగా రాయడానికి టైము లేదు. రోజూ సాయంత్రం సంచిలో షాఫ్ట్‌లు తెస్తున్నాను, ఒక్కోదానికి దారంతో నంబరు కట్టి. సంచి అడుగు చిరిగింది, కుట్టాను. బాగాలేని ముక్కను ఈయన నా చేతిలో పెడతారు. బాగున్నదాన్ని తన కుడి అరచేతిలో పెట్టుకుంటారు. ఆ చేతికి బరువు తెలుస్తుందో లేదో నాకు తెలియదు.

ఇరవై రెండున మూడు బాగున్నాయి. ఇరవై నాలుగున ఎనిమిది. అయిదో నంబరు కుర్రాడి ముక్క నాలుగు సార్లు తిరిగొచ్చింది. సారుకు మాట పడిపోయినా నా మీద అరవడం మానలేదాంటీ అన్నాడట వాడు. మైక్ చెప్పింది. అది ఈయనకు చెప్పాను. ముఖం ఎడమ వైపు కదిలింది. నవ్వని అనుకుంటున్నాను.

ఫిబ్రవరి 26

పదకొండు మంది పాస్. అయిదో నంబరు తప్పాడు. మిషన్ ఆపకుండా ఇనుప రజను చేత్తో తుడవబోయాడట, పరీక్షాధికారి అక్కడికక్కడే బయటికి పంపేశారు. ముక్క మాత్రం సరిగ్గా వచ్చిందట. ఈయన దగ్గర కూర్చుని అంతా చెప్పాను. పదకొండు మంది అన్నది విన్నారు. అయిదో నంబరు అనగానే కళ్లు మూసుకున్నారు. ఆ పూటంతా తెరవలేదు, అన్నం దగ్గర కూడా.

తప్పే కదా అన్నాను. చెయ్యి పోయేది కదా అన్నాను. ఎవరికి చెప్తున్నానో తెలియలేదు.

ఫిబ్రవరి 28

మైక్రోమీటర్ మేకుకు తగిలించాను. బిళ్ల తీసుకున్నాను. 412కి 412. సంతకం పెట్టాను. మైక్ మేకునున్న మైక్రోమీటర్‌ను చూసింది, నన్ను చూసింది, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. చేతులు పడిపోను అన్నది నన్నేనని అప్పుడు తెలిసింది దానికి. ఏం ఫర్వాలేదమ్మా అన్నాను. ఏడ్చింది. తల నిమరాలని తోచింది గాని చేతిలో బిళ్ల ఉంది.

తాళం వేసే మనిషి అప్పటికే వచ్చాడు. తాత నిబంధనల అట్ట పీకి చంకలో పెట్టుకున్నాడు. దానికి రిజిస్టరులో నంబరు లేదు కదమ్మగారూ అన్నాడు. లేదన్నాను.

సాయంత్రం బిళ్లను ఈయన ఎడమ చేతిలో పెట్టాను.

మార్చి 1, ఉదయం 7.20

నేను లేచేసరికి బిళ్ల ఈయన కుడి అరచేతిలో ఉంది. తనే పెట్టుకున్నారు.

తీయలేదు.