చెంబు మీది పేరు

అనంతపురం, మంగళవారం, 1961

నల్లమాడ లక్ష్మమ్మ పూతకిచ్చిన తన ఇత్తడి చెంబు కోసం మా ప్లేటింగ్ షాపుకు వచ్చింది. నికెల్ ద్రావణంలో వేలాడదీసి కరెంటు పంపితే, ఎదురుగా ఉన్న నికెల్ రేకు కరిగి చెంబుకు బాగానే పట్టింది. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"మా ఆయన పేరు యాడప్పా? బతికుండగా ఆయనే ఉలితో కొట్టినాడు."

పూత నున్నగా రావాలని నిన్న చెంబు మీది గీతలన్నీ నేనే అరగదీశాను. అవి అక్షరాలని చూడలేదు.

"ఈ పూత తీసేస్తే కనపడుతాదా?"

"కరెంటు తిరగేస్తే పూత పోతాదమ్మా. పేరు మాత్రం రాదు."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. చెంబును కొంగులో చుట్టుకుని బస్టాండుకు వెళ్లిపోయింది. నాకూ ఏమీ అనిపించలేదు. అన్నం తిన్నాను.

ఆమె వెళ్లాక చేతికందిన గిన్నెను కూడా, ఏం రాసుందో చూడకుండానే అరగదీశానని ఇప్పుడే గుర్తొచ్చింది.